పదకొండు ఓటములు, ఒక గెలుపు: డెంటన్‌లో నేను చూసిన ఫుట్‌బాల్ సీజన్

2015లో యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్ ఫుట్‌బాల్ జట్టు పన్నెండు ఆటలు ఆడి పదకొండు ఓడిపోయింది. నేను ఎమ్మెస్ కోసం డెంటన్ చేరింది సరిగ్గా ఆ ఏడాది ఆగస్టులో. అమెరికన్ ఫుట్‌బాల్ గురించి నాకు అప్పటిదాకా ఒక్క ముక్క తెలియదు. ఆ సీజన్ అయిపోయేసరికి ఆ జట్టు నాది అయిపోయింది. అదెలా జరిగిందో రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

డెంటన్‌లో మనవాళ్ళు చాలామంది ఉంటారు. డాలస్‌కి ఉత్తరాన కారులో గంట లోపు దూరం. కంప్యూటర్ సైన్స్ వాళ్ళకి క్లాసులు మెయిన్ క్యాంపస్‌లో కాదు, ఊరి ఉత్తరం వైపు డిస్కవరీ పార్క్ అనే వేరే క్యాంపస్‌లో జరుగుతాయి. బస్సెక్కి అక్కడికి వెళ్ళడం, రావడం, వండుకోవడం, వారాంతంలో ఎవరి కారైనా దొరికితే ఇర్వింగ్ వెళ్ళి సరుకులు తెచ్చుకోవడం. చాలామందికి రెండేళ్ళు ఇలాగే గడిచిపోతాయి. స్టేడియం మాత్రం ఊరికి ఇంకో వైపు, ఐ-35ఈ హైవే పక్కన ఉంటుంది. హైవే మీద పోతుంటే అప్పట్లో దాని దగ్గర తిరిగే మూడు గాలిమరలు కనిపించేవి. అటు వెళ్ళాల్సిన పని మనవాళ్ళకి సాధారణంగా పడదు.

నాకు పని పడింది ఫీజు బిల్లు వల్ల. ట్యూషన్ బిల్లులో అథ్లెటిక్స్ ఫీజు అని ఒక పద్దు కనిపించింది. ఇదేమిటని సీనియర్‌ని అడిగితే చెప్పాడు: 2008లో ఇక్కడి విద్యార్థులే ఓటు వేసి ఆ ఫీజు పెంచుకోవడానికి ఒప్పుకున్నారట, ఆ డబ్బు ఆసరాగానే 2011లో కొత్త స్టేడియం లేచిందట. అందుకే స్టూడెంట్ ఐడీ చూపిస్తే ఆటకి టికెట్ అక్కర్లేకపోయేది. అప్పట్లో దాన్ని అపోజీ స్టేడియం అనేవారు. ముప్పై వేల మందికి పైగా పడతారు. కట్టిన డబ్బుకి ఒక్కసారైనా చూసి వద్దామని నేనూ మా రూమ్మేట్ నెల్లూరబ్బాయీ బయల్దేరాం.

అది సెప్టెంబర్ 19, రైస్ యూనివర్సిటీతో ఆట, ఆ ఏడాది సొంత మైదానంలో మొదటిది. అంతకు వారం ముందే డాలస్‌లోని ఎస్‌ఎమ్‌యూ చేతిలో 31-13తో ఓడి వచ్చారు. టెక్సస్ ఎండ సెప్టెంబర్‌లో కూడా తగ్గదు. పార్కింగ్‌లో ట్రక్కుల వెనక తలుపులు దించి, పొయ్యిలు పెట్టి మాంసం కాలుస్తున్నారు. ముసలివాళ్ళు, పసిపిల్లలు, అందరి ఒంటి మీదా ఆకుపచ్చ చొక్కాలే. ఈ జట్టుని మీన్ గ్రీన్ అంటారు. 1960ల చివర్లో ఇక్కడ ఆడి, తర్వాత పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌తో నాలుగు సూపర్ బౌల్స్, అంటే ప్రొఫెషనల్ లీగ్ ఫైనల్స్, గెలిచిన జో గ్రీన్ ఈ క్యాంపస్ మనిషే. ఆయన పేరు చెప్పేటప్పుడు అక్కడి పెద్దవాళ్ళ గొంతు మారిపోతుంది.

ఆ రోజు 38-24తో ఓడిపోయారు. మాకు సగం అర్థం కాలేదు. అయినా బ్యాండ్ వాయించిన తీరు, స్కోరు చేసినప్పుడల్లా పేల్చే ఫిరంగి, విద్యార్థులందరూ ఒకేసారి చెయ్యెత్తి వేళ్ళు గద్ద గోళ్ళలా వంచడం, ఇవన్నీ నాకు పట్టేశాయి. మావాడికి పట్టలేదు. "మూడు గంటల్లో ఆడింది గంటే కదరా, మిగతాదంతా నిలబడ్డమే" అన్నాడు. నిజమే, గడియారం ప్రకారం ఆట అరవై నిమిషాలు. ఆ నిలబడ్డ సమయంలో ఏం జరుగుతోందో తెలిస్తే గానీ ఆట తెలియదని నాకు తర్వాత అర్థమైంది.

నేర్పింది ఒక పెద్దాయన. ఓడిపోయే జట్టు స్టేడియంలో ఒక సౌకర్యం ఉంటుంది: రెండో సగానికల్లా సీట్లు ఖాళీ అవుతాయి, మధ్య గీత దగ్గర మంచి చోట కూర్చోవచ్చు. అక్కడ కూర్చున్నాయన ఈ యూనివర్సిటీలో చదివి, రిటైరై, ఏటా సీజన్ టికెట్ కొనుక్కునే మనిషి. మాకు తెలియదని గ్రహించి తనే మొదలుపెట్టాడు. బంతి చేతిలో ఉన్న జట్టుకి నాలుగు అవకాశాలు, ఆ నాలుగింట్లో పది యార్డులు ముందుకి పోవాలి. పోతే మళ్ళీ నాలుగు. పోకపోతే బంతి అవతలి వాళ్ళది. అందుకే సాధారణంగా మూడో అవకాశం దాకా చూసి, నాలుగోసారి బంతిని దూరంగా తన్నేస్తారు. చివరి గీత దాటితే ఆరు పాయింట్లు, ఆ తర్వాత తన్నుకి ఒకటి, దూరం నుంచి కొయ్యల మధ్య తన్నితే మూడు.

ఇది ఎవరైనా చెప్తారు. ఆయన చెప్పిన అసలు సంగతి వేరు. "బంతి మీద నుంచి కళ్ళు తీసెయ్. ముందు వరసలో ఉన్న ఐదుగురు లావుపాటి కుర్రాళ్ళని చూడు" అన్నాడు. వాళ్ళు నూట ముప్పై, నూట నలభై కిలోల మనుషులు. మధ్యలో ఉన్నవాడు ప్రతిసారీ బంతిని వెనక్కి అందిస్తాడు గానీ, మిగతావాళ్ళు సాధారణంగా బంతి ముట్టరు. వాళ్ళ పేరు ఎవరూ అరవరు. వాళ్ళు రెండు మూడు సెకన్లు అవతలి వాళ్ళని ఆపగలిగితే, వెనక నిలబడి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్‌కి బంతి విసరడానికి చోటు దొరుకుతుంది. ఆపలేకపోతే ఆ వెనక ఎంత గొప్పవాడున్నా దండగే. అలా చూడటం మొదలుపెట్టాక నాకు ఓటమి ఎక్కడ పుడుతుందో కనిపించింది.

అదెలాగంటే, మన జట్టు మూడు అవకాశాల్లో ఏమీ చేయలేక బంతి తన్నేస్తుంది. రెండు నిమిషాల క్రితం కూర్చుని నీళ్ళు తాగుతున్న, అవతలి వాళ్ళని ఆపడానికే ఉండే డిఫెన్స్ కుర్రాళ్ళు మళ్ళీ లేచి మైదానంలోకి రావాలి. ఆటలో నాలుగు భాగాలుంటాయి, వాటినే క్వార్టర్లు అంటారు. ఇలా నాలుగైదుసార్లు జరిగితే మూడో క్వార్టర్‌కి వాళ్ళ కాళ్ళలో సత్తువ ఉండదు. మొదట్లో నాలుగు యార్డుల దగ్గర పడగొట్టిన మనిషినే అప్పుడు పట్టుకోలేరు, అతను నలభై యార్డులు పరిగెత్తి పోతాడు. మర్నాడు పేపర్లో డిఫెన్స్‌ని తిడతారు. వాళ్ళని అంతసేపు మైదానంలో నిలబెట్టిన సంగతి స్కోరులో కనబడదు. నాకు ఇప్పటికీ ఆ కుర్రాళ్ళ తరఫున కోపం వస్తుంది.

సెప్టెంబర్ 26న అయోవాలో 62-16తో ఓటమి. ఆ ఆట అపార్ట్‌మెంట్‌లో లాప్‌టాప్ మీద చూశాం. ఆ ఏడాది అయోవా రెగ్యులర్ సీజన్ మొత్తం ఒక్కటీ ఓడలేదు. మరి అలాంటి జట్టు మీదికి వీళ్ళెందుకు వెళ్ళారని అడిగితే డబ్బు కోసం అని తెలిసింది. చిన్న జట్టు పెద్ద జట్టు ఊరికెళ్ళి ఆడితే పెద్ద యూనివర్సిటీ ఒప్పందం ప్రకారం డబ్బు చెల్లిస్తుంది. ఆ డబ్బుతో చిన్న యూనివర్సిటీ అథ్లెటిక్స్ శాఖ ఏడాది గడుపుకుంటుంది. నవంబర్‌లో లక్షమంది పట్టే టెనెసీ స్టేడియంకి వెళ్ళి 24-0తో ఓడి వచ్చిందీ ఇలాంటి ఆటలోనే. బడ్జెట్ లెక్కలకి ఇది సరిపోతుందేమో గానీ, దెబ్బలు తినేది పంతొమ్మిది, ఇరవై ఏళ్ళ పిల్లలు. ఈ పద్ధతి నాకు నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

ఇంకో సంగతి. ఒక్క టెక్సస్ రాష్ట్రంలోనే అప్పుడు పై స్థాయిలో, అంటే ఎఫ్‌బీఎస్‌లో, ఆడే యూనివర్సిటీలు పన్నెండు ఉండేవి. హైస్కూల్లో బాగా ఆడిన కుర్రాడిని ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ, టెక్సస్ ఏ అండ్ ఎం, బేలర్, టీసీయూ లాంటివి ముందే ఎత్తుకుపోతాయి. నార్త్ టెక్సస్ మిగిలినవాళ్ళలో వెతుక్కోవాలి. అలా వెతుక్కునే 2013లో కోచ్ డాన్ మెకార్నీ 9-4 సీజన్ (తొమ్మిది గెలుపులు, నాలుగు ఓటములు) ఆడించి, 2014 జనవరి 1న, బాగా ఆడిన జట్లకి సీజన్ చివర ఉండే బౌల్ ఆటల్లో ఒకటైన హార్ట్ ఆఫ్ డాలస్ బౌల్‌లో లాస్‌వేగస్ జట్టు యూఎన్‌ఎల్‌వీని 36-14తో ఓడించాడు. 2012లో పక్షవాతం వచ్చి కోలుకుని మళ్ళీ మైదానానికి వచ్చిన మనిషి ఆయన. కానీ ఆ జట్టులో క్వార్టర్‌బ్యాక్‌తో సహా చాలామంది చివరి ఏడాది వాళ్ళు. చదువైపోయి వెళ్ళిపోయారు. ఆ తర్వాత క్వార్టర్‌బ్యాక్ స్థానం కుదురుకోనేలేదు. 2014లో 4-8. ఆ తర్వాతది నేను చూసిన ఏడాది.

ఇక అక్టోబర్ 10 గురించి చెప్పాలి.

అది హోమ్‌కమింగ్ వారం. పాత విద్యార్థులు కుటుంబాలతో తిరిగి వచ్చే రోజులు. పెద్ద మంట వేస్తారు, మన భోగి మంటలాగే చుట్టూ చేరి కేరింతలు కొడతారు. ఊరేగింపు ఉంటుంది. హోమ్‌కమింగ్‌కి మామూలుగా గెలవగలిగే జట్టునే పిలుస్తారు. పోర్ట్‌లండ్ స్టేట్ దిగువ స్థాయి, ఎఫ్‌సీఎస్ జట్టు. అప్పట్లో పై స్థాయి జట్టుకి 85 స్కాలర్‌షిప్పులుంటే వాళ్ళకి 63కి సరిపడానే. అయోవా మనకి డబ్బిచ్చినట్టే మన యూనివర్సిటీ వాళ్ళకి డబ్బిచ్చి పిలిపించింది. అయితే ఆ పోర్ట్‌లండ్ స్టేట్ ఆ సెప్టెంబర్‌లోనే వాషింగ్టన్ స్టేట్ లాంటి జట్టుని 24-17తో ఓడించి ఉంది. తేలిగ్గా తీసుకోదగ్గ జట్టు కాదు.

66-7.

ఈ రెండు అంకెలూ ఇవాళ రాస్తుంటే కూడా గుండెలో గుచ్చుకుంటాయి. 1978లో ఈ రెండు స్థాయిలూ విడిపోయాక దిగువ జట్టు పై జట్టుని ఇంత తేడాతో ఓడించడం అదే మొదటిసారి. సగం ఆటకే జనం లేచి వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. పిల్లల్ని భుజాన వేసుకుని, మళ్ళీ వెనక్కి చూడకుండా. మావాడు "పద రా, అన్నం వండుకోవాలి" అన్నాడు. నేను కదల్లేదు. మైదానంలో ఆ కుర్రాళ్ళు ఇంకా వరసలో నిలబడుతున్నారు, ఇంకా చేతులు నేలకి ఆనిస్తున్నారు. ఆట మధ్యలో వాళ్ళకి ఇంటికి పోయే వీలు లేదు. మనమూ వెళ్ళిపోతే వాళ్ళు ఎవరి ముందు ఆడాలి అనిపించింది. పెద్దాయన రెండు వరసల కింద ఉన్నాడు. ఆ రోజు ఆయన నాకేమీ వివరించలేదు.

ఆ సాయంత్రమే మెకార్నీని తీసేసినట్టు ప్రకటించారు. స్టేడియం నుంచి మేం నడిచి ఇంటికి చేరేలోపే ఫోన్లలో వార్త వచ్చేసింది. నార్త్ టెక్సస్‌లో ఆయన లెక్క 22 గెలుపులు, 32 ఓటములు. ఓడిన కోచ్‌ని తీసేయడం కొత్త కాదు, కానీ హోమ్‌కమింగ్ ఆట అయిన గంటల్లోనే! రెండేళ్ళ క్రితం ఇదే మనిషిని ఈ ఊరు నెత్తిన పెట్టుకుంది. కోచ్ మారాలన్నవాళ్ళతో నాకు పేచీ లేదు. ఆదివారం పొద్దున కూర్చుని మాట్లాడుకుని చేసినా అదే పని అయ్యేది, ఇంకాస్త గౌరవంగా అయ్యేది.

సోమవారం జరిగింది నాకు ఆ ఆట కంటే ఎక్కువ గుర్తు. నేనప్పుడు ఒక బ్యాచిలర్స్ కోర్సుకి గ్రేడర్‌గా పని చేస్తున్నాను. ఆ క్లాసులో జట్టు కుర్రాడొకడు ఉండేవాడు. వేరే ఊరి ఆటలకి వెళ్ళినప్పుడు అసైన్‌మెంట్ గడువు మార్చమని ముందే ఉత్తరం తెచ్చేవాడు. ఆ సోమవారం రాడేమో అనుకున్నాను. వచ్చాడు. చేతి వేళ్ళకి టేపు, నడకలో కుంటు. పోయిన వారం మార్కులు ఎక్కడ తగ్గాయో అడిగాడు. ఒక లూప్ ఎందుకు ఆగడం లేదో ఇద్దరం కూర్చుని చూశాం. వెళ్ళేటప్పుడు నేను "శనివారం చివరిదాకా ఉన్నాను" అన్నాను. అతను ఆగి, థాంక్యూ సర్ అని, గురువారం కూడా రమ్మన్నాడు.

ఎందుకంటే ఐదు రోజుల్లోనే, గురువారం రాత్రి, ఇంకో ఆట ఉంది. వెస్టర్న్ కెంటకీ, ఆ ఏడాది పన్నెండు ఆటలు గెలిచిన జట్టు. తాత్కాలిక కోచ్‌గా మైక్ కనాలెస్ వచ్చాడు. 2010లో కూడా ఒక కోచ్‌ని సీజన్ మధ్యలో తీసేస్తే ఈయనే నిలబడ్డాడట. ఐదు రోజుల్లో కోచ్ ఏం మార్చగలడు? 55-28తో ఓడారు. కానీ 28 పాయింట్లు వచ్చాయి! అప్పటిదాకా ఆ సీజన్‌లో అంత స్కోరు చేయనేలేదు. ఫిరంగి పేలిన ప్రతిసారీ, ఉన్న కొద్దిమందిమీ గొంతు చించుకున్నాం. నా పక్కన మావాడు లేడు, పరీక్ష ఉందని ఉండిపోయాడు. అప్పటికి ఒంటరిగా వెళ్ళడం నాకు అలవాటైంది.

ఆ రోజుల్లో ఆదివారాలు అమ్మ ఫోన్ చేసేది. వంట ఏం చేశావు, చలి మొదలైందా అని అడిగాక "ఈసారన్నా గెలిచారా మీవాళ్ళు?" అనేది. ఆ ఆటలో బంతి గుండ్రంగా ఉండదని కూడా తెలియని మనిషి, మీవాళ్ళు అనేది. లేదమ్మా అంటే "పిల్లలే కదా, నేర్చుకుంటార్లే" అని మాట మార్చేది.

మార్షల్ మీద 30-13తో ఓడి 0-7 అయ్యాక, అక్టోబర్ 31న శాన్ ఆంటోనియో జట్టు యూటీఎస్‌ఏ డెంటన్ వచ్చింది. హాలోవీన్ రోజు. విద్యార్థులు కొందరు వేషాలతోనే స్టేడియంకి వచ్చారు. జనం పలచగానే ఉన్నారు. ఆ రోజు ముందు వరసలోని ఆ ఐదుగురు ఆపారు. నేను బంతిని వదిలేసి వాళ్ళనే చూస్తున్నాను కాబట్టి నాకు తెలిసింది. మూడో అవకాశాల్లో పది యార్డులు దాటుతున్నారు, డిఫెన్స్ కుర్రాళ్ళు బెంచీ మీద కూర్చుని ఊపిరి తీసుకుంటున్నారు. నాలుగో క్వార్టర్‌లోకి వచ్చేసరికి నాకు టెన్షన్‌తో చేతులు వణికాయి. ఇన్ని వారాలు ఓటమి ముందే తెలిసిపోయేది కాబట్టి ఆ టెన్షన్ అనేదే లేదు. గెలిచే వీలుండటం ఎంత కంగారు పెడుతుందో ఆ రాత్రే తెలిసింది.

30-23. గెలిచారు.

ఆట అయ్యాక జట్టు మొత్తం విద్యార్థుల వైపు వచ్చి, చెయ్యెత్తి, గోళ్ళు వంచి, బ్యాండ్ వాయిస్తుంటే యూనివర్సిటీ పాట పాడుతుంది. ఓడినా పాడతారు, కానీ ఆ రాత్రి అరిచారు. మా క్లాసు కుర్రాడు హెల్మెట్ తీసి పైకెత్తి ఊపుతున్నాడు. నన్ను చూడలేదు. చూడాల్సిన పనీ లేదు. పెద్దాయన మెట్ల మీద ఎదురై నా చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు. అమ్మకి అప్పటికప్పుడే ఫోన్ చేశాను. అక్కడ ఆదివారం పొద్దున.

తర్వాతివన్నీ తొందరగా చెప్పేస్తాను. లూసియానా టెక్ మీద 56-13, టెనెసీలో 24-0, మిడిల్ టెనెసీలో 41-7, అన్నీ ఓటములే. ఆరు గెలిస్తే గానీ బౌల్ ఆటకి అర్హత రాదు కాబట్టి ఈ ఆటలకి పైకి ఏ ప్రయోజనమూ లేదు. అయినా ప్రాక్టీసు తెల్లవారకముందే, వీడియో సమావేశాలు, దెబ్బలకి ఐస్, దానితో పాటు సెమిస్టర్ చివరి ప్రాజెక్టులు. మా కుర్రాడు నవంబర్‌లో ఒక్క అసైన్‌మెంట్ కూడా ఎగ్గొట్టలేదు.

చివరి ఆట నవంబర్ 28, థాంక్స్‌గివింగ్ వారాంతం. క్యాంపస్ ఖాళీ. ఆ రెండు మూడు రోజులూ డాలస్ చుట్టుపక్కలంతా వాన, చలి. ఎల్ పాసో జట్టు యూటీఈపీతో 20-17 దాకా వచ్చి ఓడారు. మూడు పాయింట్లు! సీజన్ మొత్తంలో అంత దగ్గరగా ఓడింది అదొక్కటే, అందుకే అదే అన్నిటికన్నా బాధ పెట్టింది. 66-7కి కోపం వచ్చింది గానీ దీనికి కన్నీళ్ళొచ్చాయి. చివరి ఏడాది కుర్రాళ్ళకి ఇక ఫుట్‌బాల్ లేదు. కాలేజీ ఆటగాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా ఆట ఇక్కడితోనే ముగుస్తుంది, ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ దాకా వెళ్ళేది ఎక్కడో ఒకరిద్దరు. చిన్నప్పటి నుంచి ఆడిన ఆటకి వాళ్ళు వీడ్కోలు చెప్పింది అలాంటి వానాకాలపు స్టేడియంలో, 1-11తో.

డిసెంబర్‌లో సెత్ లిట్రెల్‌ని కొత్త కోచ్‌గా తీసుకున్నారు. 2016లో ఓక్లహోమా నుంచి వచ్చిన మేసన్ ఫైన్ అనే పొట్టి కుర్రాడు మొదటి ఏడాదిలోనే క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. ఆ సీజన్ 5-7. ఆరు గెలుపులు లేవు, కానీ ఆ ఏడాది ఆరు గెలిచిన జట్లు బౌల్స్‌కి సరిపడా లేకపోవడంతో, ఐదు గెలిచిన వాళ్ళలో చదువు రికార్డు బాగున్న జట్లని పిలిచారు. ఏపీఆర్ అని, ఆటగాళ్ళు క్లాసులు సరిగ్గా పాసవుతున్నారా, చదువు కొనసాగిస్తున్నారా అని లెక్కగట్టే స్కోరు ఒకటుంది. నార్త్ టెక్సస్‌కి పిలుపు దానివల్లే వచ్చింది. ఆ వార్త విన్నప్పుడు నాకు టేపు చుట్టిన వేళ్ళతో లూప్ సరిచేసుకున్న కుర్రాడే కళ్ళ ముందు కనిపించాడు. ఆ స్కోరు ఒక్క ఏడాదిది కాదు, నాలుగేళ్ళది. ఆ పదకొండు ఆటలు ఓడిన కుర్రాళ్ళు రాసిన పరీక్షలు కూడా అందులో ఉన్నాయి. దీన్ని ఎవరూ పెద్దగా రాయలేదు, రాయాల్సింది.

2016 డిసెంబర్ 27న డాలస్ కాటన్ బౌల్ స్టేడియంలో అమెరికా సైనిక అకాడమీ జట్టు ఆర్మీతో ఆట. ఈసారి నెల్లూరబ్బాయిని కూడా లాక్కెళ్ళాను. ఓవర్‌టైమ్ దాకా వెళ్ళి 38-31తో ఓడారు. చివరి అవకాశానికి మావాడు లేచి నిలబడి, ముందు వరస కుర్రాళ్ళని తెలుగులో "ఆపండ్రా, ఆపండి" అని కేకలేస్తున్నాడు. 2017లో తొమ్మిది గెలిచారు. అప్పటికి నేను ఉద్యోగానికి వేరే రాష్ట్రం వెళ్ళిపోయాను. ఆ అక్టోబర్‌లో యూటీఎస్‌ఏని చివరి క్షణాల్లో 29-26తో గెలిచిన ఆటని ఫోన్‌లో చూశాను, చూసి మావాడికి ఫోన్ చేశాను. వాడు అప్పటికే చూస్తున్నాడు.